ఆటుపోట్ల గడియారం: ఓరాకే తొట్ల నుంచి అక్వేరియం పంపు దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడినదాన్ని కాస్త సర్ది, అక్కడ టైము చాలక వదిలేసిన లెక్కలు కూడా కలిపి ఇక్కడ పెడుతున్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ విడిగా ఉంది. అది చదవకపోయినా ఇది అర్థమవుతుంది.

విషయం చిన్నదే. అక్వేరియం పంపుని ఆన్ చేసి ఆఫ్ చేసే టైమర్ సర్క్యూట్‌ని ఇంట్లో కట్టుకోవడం. "దానికో చరిత్ర కూడానా?" అని మా ఆవిడ అడిగింది. ఉంది. అందులో కొంత మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో, ఆక్లండ్ టమాకీ డ్రైవ్ మీదే ఉంది. కొంత నల్గొండ జిల్లాలో బోరు మోటార్ల పక్కన ఉంది.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. టైమర్లు షాపులో దొరుకుతాయి కదా, కట్టుకోవడం ఎందుకు? గోడ సాకెట్‌కి తగిలించేవి మీరు చూసే ఉంటారు. గుండ్రటి డయల్, చుట్టూ చిన్న చిన్న పళ్లు, 24 గంటలకి ఒక చుట్టు. లైటుకి అది చక్కగా సరిపోతుంది. (న్యూజిలాండ్‌లో ఏడాదికి రెండుసార్లు డయల్ తిప్పుకోవాలి, డేలైట్ సేవింగ్ వల్ల. ఆ ఆలోచన పుట్టించిన వాళ్లలో ఒకాయన ఇక్కడివాడే. వెల్లింగ్టన్ పోస్టాఫీసులో పనిచేస్తూ పురుగులు సేకరించిన జార్జ్ వెర్నన్ హడ్సన్. 1895లోనే రెండు గంటలు ముందుకి జరుపుదామని వెల్లింగ్టన్ ఫిలసాఫికల్ సొసైటీలో పేపరు చదివాడు. డ్యూటీ అయ్యాక పురుగులు పట్టుకోవడానికి వెలుతురు కావాలి మరి.)

కానీ మా ఇంట్లో ఉన్నది రంగు చేపల తొట్టి కాదు, రాళ్లగుంట తొట్టి. సముద్రం వెనక్కి పోయినప్పుడు రాళ్ల మధ్య మిగిలే గుంటలు ఉంటాయి చూశారా, వాటికి నకలు. అందులో ఉండే నత్తలు, ఎనిమోన్లు, పూసలదండలా ఉండే నాచు రోజులో కొంతసేపు నీళ్లలో, కొంతసేపు గాలిలో బతికే జీవాలు. వాటికి పోటు కావాలి, ఆటు కావాలి. పంపు ఆడితే కింద తొట్టి నీళ్లు పైకి ఎక్కి పోటు. పంపు ఆగితే నీళ్లు కన్నం గుండా నెమ్మదిగా కిందికి దిగి ఆటు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా సముద్రానికి 24 గంటల రోజు లేకపోవడమే. ఒక పోటు నుంచి మరో పోటుకి సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ప్రతిరోజూ ఆటుపోట్లు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. 24 గంటల డయల్ దీన్ని ఏ రకంగానూ పట్టుకోలేదు. చంద్రుడి లెక్కన నడిచే గడియారాన్ని సొంతంగా కట్టుకోవాల్సిందే.

ఆక్లండ్ నగరం ఇలాంటి గడియారాన్నే ఒకటి కట్టింది, 1914లో, ఓరాకే దగ్గర. అది అక్వేరియం కోసం కాదు, మురుగునీటి కోసం.

ఏర్పాటు ఇది. నగరం మురుగంతా పైపుల్లో ఓకాహు బే పక్కకి వచ్చి పెద్ద పెద్ద కాంక్రీటు తొట్లలో నిండేది. పోటు సమయంలో వదిలితే ఒడ్డుకే తిరిగొస్తుంది కాబట్టి అక్కడే ఆపి, ఆటు మొదలయ్యాక హార్బర్‌లోకి వదిలేవాళ్లు. నీళ్లు వెనక్కి పోతూ మురుగుని కూడా బయటికి లాక్కుపోతాయని లెక్క. నింపడం, ఆగడం, వదలడం. ఇంజినీరింగ్‌గా చూస్తే నా తొట్టిలో జరిగేది కూడా అదే, కాకపోతే అది ఒక నగరం సైజులో జరిగింది.

ఆ లెక్కలో ఒక సంగతి లేదు. ఓకాహు బే ఒడ్డున అప్పటికే ఒక ఊరు ఉంది. న్గాటి ఫాటువా ఓరాకే అనే మావోరీ ప్రజల ఊరు. మురుగు పైపు వాళ్ల ఇళ్లకీ సముద్రానికీ మధ్యగా, ఒడ్డు పొడుగునా గట్టులాగా వేశారు. దాంతో వాన నీళ్లు సముద్రంలోకి పోయే దారి లేక ఊరు ముంపుకి గురైంది. తినే గుల్లలు, నత్తలు దొరికే చోట మురుగు చేరింది. తీరం మీద ఆధారపడి బతికే జనానికి అదంటే వంటింట్లోకి మురుగు రావడమే. చివరికి 1951-52లో వాళ్లని అక్కణ్ణుంచి ఖాళీ చేయించి, ఇళ్లు తగలబెట్టారు. అది ఊరు కాదు, కంటికి నదురుగా లేని గుడిసెలు అన్నట్టుగా నాటి ప్రభుత్వం వ్యవహరించింది. ఆ పక్కనే ఉన్న బాస్టియన్ పాయింట్ మీద 1977-78లో 506 రోజులు సాగిన ఆక్రమణ పోరాటం గురించి ఇక్కడ ఉన్న తెలుగువాళ్లలో చాలామంది వినే ఉంటారు. 1987లో వైటాంగి ట్రిబ్యునల్ ఓరాకే మీద ఇచ్చిన నివేదికలో భూమి గురించే కాదు, ఈ మురుగు పైపు గురించి కూడా ఉంది.

టైమర్ల గురించి రాస్తూ ఇదంతా ఎందుకంటే, గడియారం ఎంత సరిగ్గా నడిచినా నీళ్లు ఎవరి గుమ్మం ముందుకి పోతున్నాయి అన్నది గడియారం చెప్పదు. ఓరాకే తొట్లు నడిచినన్నాళ్లూ నడిచాయి. 1960లో మాంగెరెలో శుద్ధి కేంద్రం మొదలయ్యాక వాటి అవసరం తీరిపోయింది. ఖాళీగా పడి ఉన్నాయి.

ఆ ఖాళీ తొట్లని చూసి ఇక్కడ చేపలు పెడదాం అనుకున్నవాడు కెల్లీ టార్ల్‌టన్. నార్త్‌ల్యాండ్‌లోని టె కోపురులో 1937లో పుట్టాడు. సముద్రంలో మునిగిన ఓడల్ని వెతికే డైవర్‌గా పేరు. 1902లో మునిగిన ఎలింగమైట్, 1897లో మునిగిన టాస్మానియా, వీటి నుంచి నాణేలు, నగలు పైకి తెచ్చాడు. వైటాంగి దగ్గర ఒక పాత ఓడలోనే ఓడశిథిలాల మ్యూజియం నడిపాడు. డైవర్ కంటికి కనిపించే సముద్రాన్ని ఈత రానివాళ్లకి కూడా చూపించాలని ఆయన కోరిక. చేపలు తొట్టిలో తిరగడం, మనుషులు బయట నిలబడి చూడడం కాదు. మనుషులు గొట్టంలో పోవాలి, చేపలు చుట్టూ, నెత్తిమీద తిరగాలి.

ఆ గొట్టం ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడా దొరకలేదు. పారదర్శక ఆక్రిలిక్ పలకల్ని సైజుకి కోసి, ఓవెన్‌లో వేడిచేసి, అచ్చుకి అనుగుణంగా వంచే పద్ధతిని టార్ల్‌టన్ సొంతంగా తయారుచేసుకున్నాడు. జనాన్ని మోసుకుపోయే కదిలే బాట పెట్టాడు. 1985 జనవరి 25న తెరిచారు. ఏడు వారాల్లో లక్ష మంది వచ్చారు. లక్షో సందర్శకుడికి చెయ్యి కలిపిన మర్నాడే, మార్చి 17న, టార్ల్‌టన్ 47 ఏళ్లకి చనిపోయాడు. ఆ అక్వేరియం ఇప్పటికీ ఉంది. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా నాకు షార్కుల కంటే ఆ కాంక్రీటు గోడల మీదికే చూపు పోతుంది.

"దొరకలేదు, కాబట్టి కట్టాడు" అన్నది న్యూజిలాండ్‌లో ఒక్క మనిషి గుణం కాదు, దానికి చట్టపరమైన కారణం ఉంది. 1938 డిసెంబరులో అప్పటి లేబర్ ప్రభుత్వం విదేశీ మారకం కాపాడుకోవడానికి దిగుమతి లైసెన్సులు పెట్టింది. ప్రభుత్వాలు మారాయి గానీ ఆ పద్ధతి దాదాపు అర్ధశతాబ్దం ఏదో ఒక రూపంలో సాగింది. 1984 తర్వాతే గట్టిగా ఎత్తేయడం మొదలైంది. బయటి సరుకు రావాలంటే ఎవరికో లైసెన్సు ఉండాలి. మన దగ్గరి లైసెన్స్ రాజ్ చూసినవాళ్లకి ఈ పరిస్థితి వివరించక్కర్లేదు. ఫలితం కూడా అదే. గ్యారేజీలో పాత రేడియో విప్పి భాగాలు దాచుకోవడం, పాడైనదాన్ని పారేయకపోవడం, కొనలేనిదాన్ని కట్టుకోవడం. దీన్నే ఇక్కడివాళ్లు ఎనిమిదో నంబరు తీగ తెలివి అంటారు, కంచె తీగతో ఏదైనా బాగుచేసేయడం అన్నమాట. ఆ మాటని ఇప్పుడు కాస్త ఎక్కువగానే వాడుకుని మురిసిపోతారు. నాకైతే అందులో గొప్పతనం ఎంతో, గతిలేనితనం కూడా అంతే కనిపిస్తుంది. తర్వాత డిక్ స్మిత్ దుకాణాలు వచ్చాయి, సంచీలో భాగాలు, కాగితం మీద సర్క్యూట్ ఉన్న కిట్లు అమ్మాయి. 2016లో అవీ మూతబడ్డాయి.

ఇక సర్క్యూట్ సంగతి. ఇంటి టైమర్ల చరిత్రలో రెండు చిప్పులు చాలు, అందులో ఒకటి మరీ ముఖ్యం.

555 అనే ఎనిమిది కాళ్ల చిప్పుని రూపొందించినవాడు హాన్స్ కామెన్‌జిండ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికా వెళ్లిన ఇంజినీరు. సిగ్నెటిక్స్ కంపెనీలో ఉద్యోగం వదిలేసి, అదే కంపెనీకి కాంట్రాక్టు మీద ఒంటరిగా పనిచేస్తూ 1971లో దీన్ని గీశాడు. నిజంగానే గీశాడు, చేత్తో. లేఅవుట్‌ని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద కత్తితో కోసేవాళ్లు ఆ రోజుల్లో. మొదటి డిజైన్‌కి తొమ్మిది కాళ్లు కావలసి వచ్చింది. ఒక చిన్న మార్పు తట్టి ఎనిమిదికి దిగింది. ఎనిమిది కాళ్ల ప్యాకింగ్ చవక కాబట్టి చిప్పు కూడా చవకైంది. 1972లో బజారులోకి వచ్చింది. లోపల మూడు 5 కిలో ఓముల రెసిస్టర్లు ఉన్నాయి కాబట్టి 555 అన్నారని ఒక కథ బాగా తిరుగుతుంది. అది కాదని, ఆ నంబరు కంపెనీ మార్కెటింగ్ మేనేజరు పెట్టిందని కామెన్‌జిండే చెప్పాడు. కథే బాగుంది గానీ ఏం చేస్తాం.

ఇది కాలాన్ని ఎలా కొలుస్తుంది? ఇక్కడ మన భాషే సాయం చేస్తుంది. గడియారం అన్న మాట గడియ నుంచి వచ్చింది, గడియ ఘటిక నుంచి, ఘటిక అంటే చిన్న కుండ. రాగి గిన్నెకి అడుగున సన్నటి కన్నం పెట్టి నీళ్ల మీద వదిలేవాళ్లు. కన్నంలోంచి నీళ్లు ఎక్కి గిన్నె మునిగితే ఒక గడియ, 24 నిమిషాలు. రోజుకి అరవై మునకలు. ఇప్పటికీ పెళ్లిపత్రికల్లో వెతుక్కునే శుభ గడియ ఈ గిన్నెదే.

555లో కెపాసిటర్ ఆ గిన్నె, రెసిస్టర్ ఆ కన్నం, కరెంటు ఆ నీళ్లు. కన్నం సన్నగా ఉంటే, అంటే రెసిస్టర్ పెద్దదైతే, గిన్నె నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. సరఫరా వోల్టేజీలో మూడింట రెండు వంతులు నిండగానే చిప్పు "మునిగింది" అంటుంది. ఆ గీత వోల్టేజీలో భాగమే గానీ ఇన్ని వోల్టులని కాదు కాబట్టి, బ్యాటరీ కాస్త నీరసించినా కాలం మారదు. ఆ మూడు రెసిస్టర్ల పని ఈ గీతలు గియ్యడమే. లెక్క కూడా నోటికి వచ్చేదే. రెసిస్టర్ విలువని కెపాసిటర్ విలువతో గుణించి, దాన్ని 1.1తో గుణిస్తే సెకన్లు వస్తాయి. 680 కిలో ఓములు, 1000 మైక్రో ఫారడ్లు పెడితే 748 సెకన్లు, అంటే పన్నెండున్నర నిమిషాలు. కొంచెం అటూఇటూగా అర గడియ.

చేపల తొట్లలో ఈ అర గడియకి పెద్ద గిరాకీ ఉంది. మేత వేసేటప్పుడు ఫిల్టర్ పంపు ఆపాలి, లేకపోతే మేతంతా ఫిల్టర్‌లోకి పోతుంది. ఆపుతాం. తర్వాత ఫోన్ మోగుతుంది, మర్చిపోతాం. ఫిల్టర్‌లో అమ్మోనియాని మార్చే బాక్టీరియా ఉంటుంది, దానికి ప్రవహించే నీళ్లలోని ఆక్సిజన్ కావాలి. గంటల తరబడి పంపు ఆగితే బాక్టీరియా చస్తుంది, తర్వాత చేపల వంతు. అందుకని ఇంటి ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒక బటన్, ఒక 555, ఒక రిలేతో పెట్టె కట్టుకున్నారు. నొక్కితే పంపు ఆగుతుంది, అర గడియకి దానంతట అదే మొదలవుతుంది. నన్నడిగితే మనిషి మతిమరుపుకి ఇంత చవకైన మందు ఇంకోటి లేదు.

అయితే ఆరు గంటల ఆటుపోటుకి 555 ఒక్కటీ చాలదు. అంత పెద్ద కెపాసిటర్లు లోపల్లోపలే కారుతుంటాయి, గిన్నెకి తెలియని ఇంకో కన్నం ఉన్నట్టు. అక్కడ రెండో చిప్పు వస్తుంది, 4060. ఇది చిన్న గిన్నెని పదే పదే ముంచి, మునకల్ని లెక్కపెడుతుంది. రెండు చొప్పున పద్నాలుగు మెట్లు, అంటే 16,384 మునకలకి ఒక పూర్తి చుట్టు. ఒక్కో మునకకి 2.73 సెకన్లు పడేలా సరిచేస్తే చుట్టు 12 గంటల 25 నిమిషాలు. అందులో సగం సేపు చివరి కాలు ఆన్, సగం సేపు ఆఫ్. ఆరు గంటల పన్నెండు నిమిషాల పోటు, అంతే ఆటు. కాగితం మీద ఈ లెక్క కుదిరినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. చంద్రుడు ఒక చిప్పులో పట్టేశాడు.

నేను కట్టినదాంట్లో అన్నీ 12 వోల్టులే. ఉప్పునీళ్ల పక్కన 230 వోల్టుల తీగలతో ప్రయోగాలు వద్దు. పంపులు 12 వోల్టులవి చవగ్గా దొరుకుతున్నాయి, సర్టిఫికెట్ ఉన్న అడాప్టర్ గోడ దగ్గరే, నీటి మట్టానికి దూరంగా ఉంచండి.

ఇప్పుడు నల్గొండకి వద్దాం. పంపుకి సొంతంగా టైమర్ కట్టుకోవడం అన్నది నేను మొదట చూసింది ఇక్కడ కాదు, మా పెద్దనాయన బోరు దగ్గర.

వ్యవసాయానికి కరెంటు విడతల్లో, చాలాసార్లు అర్ధరాత్రి వచ్చే రోజులు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్ వచ్చింది గానీ గంటలు మాత్రం సర్కారు చెప్పినన్ని, సర్కారు చెప్పినప్పుడు. కరెంటు రాగానే వెళ్లి స్టార్టర్ నొక్కాలి. చీకట్లో పొలం గట్ల మీద నడిచి పాము కాటుకో, తడి చేత్తో స్టార్టర్ ముట్టి షాకుకో పోయినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. అందుకని ఆటో స్టార్టర్ వచ్చింది. కరెంటు వచ్చిందని, మూడు ఫేజులూ ఉన్నాయని చూసుకుని, కొన్ని సెకన్లు ఆగి, మోటారుని తానే వేసే డబ్బా. కంపెనీవి ఉండేవి. మోటారు వైండింగ్ షాపులో కుర్రాళ్లు కట్టినవీ ఉండేవి. అలాంటిదొకటి మా పెద్దనాయన నా ముందు విప్పినప్పుడు లోపల ఒక రిలే, ఒక లావు కెపాసిటర్, ఎనిమిది కాళ్ల చిప్పు కనిపించాయి. అప్పుడు నాకు దాని పేరు తెలియదు.

ఓరాకేలో లాగే ఇక్కడా ఒక డబ్బా లెక్కలో లేని సంగతి ఉంది. అందరి డబ్బాలూ కరెంటు రాగానే దాదాపు ఒకేసారి మోటార్లు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కసారిగా లోడు పడుతుంది, అది కాలిపోతే మళ్లీ అందరికీ చీకటే. పైగా కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆడుతూనే ఉంటుంది, పొలానికి చాలినా చాలకపోయినా. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భ జలాలు తోడేస్తాయని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని కోరింది. పాము భయంతో పుట్టిన డబ్బా, ఆ భయం పోయాక బావిని తాగే డబ్బాగా మారింది. తీసేయమన్నవాళ్ల మాటలో నిజం ఉంది. తీయడానికి వెనకాడిన రైతు మాటలోనూ ఉంది, ఎందుకంటే 24 గంటలు రేపు కూడా ఉంటాయని అతనికి ఎవరూ రాసివ్వలేదు.

నా తొట్టికి టైమర్ కట్టేటప్పుడు ఎక్కువసేపు ఆలోచించింది చిప్పు గురించి కాదు, రిలే గురించి. రిలేకి రెండు రకాల కాంటాక్టులు ఉంటాయి. కరెంటు అందితే కలిసేది ఒకటి, అందకపోతే కలిసి ఉండేది ఒకటి. సర్క్యూట్ చచ్చిపోతే పంపు ఏ స్థితిలో మిగలాలి? మొదటి రకం వాడితే పంపు ఆగిపోతుంది, ఎడతెగని ఆటు, నత్తలు ఎండిపోతాయి. రెండో రకం వాడితే పంపు ఆడుతూనే ఉంటుంది, ఎడతెగని పోటు. నత్తలకి అది విసుగే గానీ చావు కాదు. రెండోదే పెట్టాను, నీళ్లు పొర్లకుండా ఓవర్‌ఫ్లో గొట్టం కూడా. ఇంటికే కరెంటు పోతే మాత్రం ఏ రిలే ఏమీ చెయ్యలేదు. అందుకని కన్నాన్ని అడుగుకంటే కాస్త పైన పెట్టాను, ఆటులో కూడా ఒక చిన్న గుంట మిగిలేలా.

పెద్దనాయన డబ్బాకి అయితే దీనికి తిరగబడ్డ భయం. మోటారు ఆగితే పంటకి నష్టం, అది రేపు చూసుకోవచ్చు. పనిచేస్తుండగా హఠాత్తుగా మోటారు తిరిగితే మనిషికే నష్టం. "కరెంటొచ్చిందా లేదా కాదురా, వచ్చినప్పుడు నా చెయ్యి యాడుందన్నదే లెక్క" అనేవాడు. బోరు దగ్గరికి పోయే ముందు స్టార్టర్ డబ్బా తెరిచి, మూడు ఫీజులూ పీకి, అంగీ జేబులో వేసుకుని, అప్పుడు వంగేవాడు. నడుస్తుంటే అవి ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. నేను అంగీ జేబులో ఏమీ వేసుకోను గానీ, తొట్టిలో చెయ్యి పెట్టే ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకి టేబుల్ మీద నాకు కనపడేలా పెట్టుకుంటాను.